న్యూయార్కులో దివాలా... యర్రగుంట్లలో దిగులు!

"ఏం అబ్బీ... ఈ బ్యాంకి యాడుండాది?"

2008 సెప్టెంబరు 16, మంగళవారం. పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చిన అయ్యవారు అడిగిన మొదటి మాట అది. ఆరో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన సారు ఆయన. 2006లో రిటైరయ్యారు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. కామర్సు చదువుతున్నానన్న ఒక్క కారణానికి నాకు అన్నీ తెలుసనుకునేవారు.

ఆ బ్యాంకు పేరు లేమన్ బ్రదర్స్. ఉండేది న్యూయార్కులో. ముందురోజే దివాలా పిటిషను వేసింది. అప్పులు 600 బిలియన్ డాలర్ల పైమాట. అంతవరకూ పేపర్లోనే ఉంది కాబట్టి చదివి వినిపించాను.

"అది సరే. దానికీ మన సిమెంటుకూ ఏం సంబంధం?"

మన జిల్లాలోనే ఫ్యాక్టరీ ఉన్న ఒక సిమెంటు కంపెనీ షేర్లు ఆయన దగ్గరుండేవి. తెలియని కంపెనీ కంటే కళ్లెదుట కనపడేది మేలు కదా అని కొన్నారు. ఇప్పుడది రోజూ పడుతోంది. "యర్రగుంట్లకు పోయి చూసొచ్చినా అబ్బీ. గొట్టంలో పొగ వస్తానే ఉండాది. లారీలు బారులు తీరి నిలబడినాయి. సిమెంటు బస్తా ధర తగ్గలా. మరి నా షేరు ఎందుకు పడాల?"

లెక్కల సారు కదా, లెక్క తేలకపోతే ఊరుకోరు. నాకు ఆరోజు జవాబు తెలియలేదు. "అంతా అమెరికా ప్రభావం సార్" అని తప్పించుకున్నాను. ఈ వారం రాస్తున్నది ఆ ప్రశ్నకు బాకీపడ్డ జవాబే.

అప్పట్లో ఏడురోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో, ఒక మేడ మీద షేర్ల ఆఫీసు ఉండేది. ఇరుకు మెట్లు. పైన హాల్లో రెండు కంప్యూటర్లు, పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు. మార్కెట్టు అప్పట్లో 9.55కి తెరిచేవారు. పదింటికల్లా కుర్చీలన్నీ నిండిపోయేవి. రిటైరైన ఉద్యోగులు, బట్టల కొట్ల వాళ్లు, ఇద్దరు ముగ్గురు ఎల్ఐసీ ఏజెంట్లు, కేసుల్లేని రోజుల్లో ఒక వకీలు. ఆకుపచ్చ రంగు కనిపిస్తే టీలు, ఎరుపు కనిపిస్తే మౌనం. సారుతో పాటు నేనూ నాలుగైదుసార్లు వెళ్లాను. అక్కడ ఎవరినడిగినా ఒకటే మాట... "ఎఫ్ఐఐలు అమ్ముతాండారు."

ఎవరీ ఎఫ్ఐఐలు? విదేశీ సంస్థాగత మదుపరులు. అమెరికాలోని పింఛను నిధులు, లండన్‌లోని ఫండ్లు, సింగపూర్ నుంచి నడిచే పెట్టుబడి సంస్థలు. 2007లో వీళ్లు మన షేర్లను నికరంగా 71 వేల కోట్ల రూపాయలకు పైగా కొన్నారు. అందుకే ఆ ఏడాది సెన్సెక్స్ 20 వేలు దాటి పరుగెత్తింది. 2008లో అదే మనుషులు దాదాపు 53 వేల కోట్ల మేర అమ్మేశారు. వాళ్లు అమ్మింది మన సిమెంటు బాగాలేదని కాదు. వాళ్లింట్లో నిప్పంటుకుంది కాబట్టి!

మనింట్లో అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చు వచ్చిపడిందనుకోండి. ఏం అమ్ముతాం? కోర్టు తగాదాలో ఉన్న పొలాన్ని ఎవరూ కొనరు. బీరువాలో ఉన్న గొలుసును తెల్లారేసరికి అమ్మేయొచ్చు. గొలుసులో లోపమేమీ లేదు. అది అమ్ముడవుతుంది, అంతే. అమెరికాలో ఇళ్ల అప్పుల మీద పుట్టించిన కాగితాలను 2008లో కొనే నాథుడు లేడు. డబ్బులు వెనక్కివ్వండని సొమ్ము పెట్టినవాళ్లు వరుస కట్టారు. అప్పుడా ఫండ్లకు చేతికందిన గొలుసు మన షేర్లు. మంచివి కాబట్టే ముందుగా అమ్ముడయ్యాయి.

ఇంకో సంగతి, రూపాయి. 2008 మొదట్లో డాలరుకు 40 రూపాయల లోపే. ఏడాది చివరికి 50 దగ్గర. వంద డాలర్లు తెచ్చినవాడికి 4,000 రూపాయలు వచ్చాయనుకుందాం. షేరు సగానికి పడి 2,000 మిగిలింది. వాటిని 50 చొప్పున డాలర్లలోకి మార్చుకుంటే చేతికొచ్చేది 40. మన సారుకు నష్టం సగమైతే విదేశీయుడికి వందలో అరవై. రూపాయి ఇంకా పడుతుందన్న భయంతో వాడు తొందరపడతాడు. వాడు డాలర్లు కొన్నకొద్దీ రూపాయి ఇంకా పడుతుంది. షేరు కూడా దానితోపాటే.

ఇదీ యర్రగుంట్ల పొగగొట్టానికీ న్యూయార్కుకూ ఉన్న బంధుత్వం.

గుమాస్తా పందెం

నిజానికి దెబ్బ సెప్టెంబరులో మొదలవలేదు. ఆ ఏడాది జనవరిలోనే ఒక రుచి చూపించింది.

జనవరి 10న సెన్సెక్స్ 21,206ను తాకింది. 15న రిలయన్స్ పవర్ ఐపీవో తెరిచారు. షేరు 450 రూపాయలు, చిన్న మదుపరులకు 20 తగ్గింపు. నిమిషం తిరక్కుండా అమ్మకానికి పెట్టినన్ని షేర్లకూ దరఖాస్తులు వచ్చేశాయి. నాలుగు రోజులు గడిచేసరికి డెబ్బై రెట్లకు పైగా! ఈ ఒక్క ఐపీవో కోసం దేశమంతటా జనం డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. మా మేడమీది ఆఫీసులో దరఖాస్తు ఫారాలు అయిపోతే జెరాక్సు తీయించడానికి మనిషి పరుగెత్తాడు. (జెరాక్సు చెల్లదని తర్వాత తెలిసిందనుకోండి, అది వేరే కథ.)

ఐపీవో శుక్రవారం ముగిసింది. మధ్యలో రెండు రోజులు సెలవు. సోమవారం, జనవరి 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు కూలింది. మంగళవారం తెరిచీ తెరవగానే పది శాతం పడి, లావాదేవీలు గంటపాటు ఆగిపోయాయి. జనం డబ్బేమో దరఖాస్తుల్లో ఇరుక్కుపోయింది. ఫిబ్రవరి 11న షేరు మార్కెట్లోకి వస్తే మొదటిరోజే 372 దగ్గర ముగిసింది. లాభం కోసం కాచుక్కూర్చున్నవాళ్లు నోరెళ్లబెట్టారు.

ఆ సోమవారం అమెరికా మార్కెట్టుకు సెలవు. మార్టిన్ లూథర్ కింగ్ దినం. మరి ప్రపంచమంతా ఎందుకు పడింది? అమెరికాలో మాంద్యం భయం ఉన్నమాట నిజం. దానికి తోడు ఇంకోటి జరిగింది. పారిస్‌లో సొసైటీ జనరల్ అనే పెద్ద బ్యాంకు ఉంది. అందులో జెరోమ్ కెర్వియెల్ అనే ఉద్యోగి పైవాళ్లకు తెలియకుండా యూరప్ సూచీల మీద దాదాపు 50 బిలియన్ యూరోల పందేలు కాసి కూర్చున్నాడు. వారాంతంలో ఆ గుట్టు బ్యాంకుకు తెలిసింది. మూడోకంటికి తెలియనీయకుండా సోమవారం నుంచి మూడు రోజులపాటు వాటన్నిటినీ వదిలించుకుంది. నష్టం 4.9 బిలియన్ యూరోలు. ఈ కబురు ప్రపంచానికి తెలిసింది గురువారం, 24న!

అంటే ఆ సోమవారం అమ్మకాల్లో కొంత ఎక్కడ్నుంచి వచ్చిందో అమెరికా రిజర్వు బ్యాంకుకే తెలియదంటారు. మంగళవారం అది హడావుడిగా వడ్డీ ముప్పావు శాతం తగ్గించింది. ఇక కడపలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం తెలుస్తుంది? అయినా ఆరోజు అక్కడ తలా ఒక కారణం చెప్పారు. ఒకాయన గ్రహాల దాకా వెళ్లారు.

కడపకు ప్రపంచం కొత్త కాదు

షేర్లంటే కొత్తగానీ, ప్రపంచం తుళ్లింతకు ఊగడం మన ప్రాంతానికి పాత అలవాటే.

ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయినే చూడండి. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ గనుల్లో ఒకటి అది. ఆ పొడి వెళ్లేది ముగ్గులకు కాదు, ఎక్కువగా చమురు బావులకు. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపట్టేందుకు బరువైన బురద కావాలి. దానికి ఈ రాయే ఆధారం. చమురు ధర పెరిగితే బావులు ఎక్కువ తవ్వుతారు. పడిపోతే ఆపేస్తారు. 2008 జులైలో 147 డాలర్లకు ఎగబాకిన పీపా చమురు డిసెంబరుకు 40 దిగువకు జారింది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ఏకంగా సున్నా కంటే కిందికి పోయింది. అలాంటప్పుడు మిల్లు దగ్గర హమాలీ ఒపెక్ పేరు వినకపోయినా, దాని సంగతి అతనికి కూలిలో తెలుస్తుంది.

కువైట్ సంగతి చెప్పేదేముంది? రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు కువైట్ మనిషి లేని ఊరు అరుదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో అడుగుపెట్టింది. మన దేశస్తుల్ని లక్షా 70 వేలమందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. కట్టుబట్టలతో దిగినవారిలో మన సీమ మనుషులూ ఉన్నారు. 2008లో మాత్రం తమాషా జరిగింది. రూపాయి పడేసరికి అక్కడి దీనారుకు ఇక్కడ ఎక్కువ రూపాయలు వచ్చాయి. ఏడురోడ్ల కూడలిలో ఏడుపు ముఖాలు, రాజంపేటలో మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరు దగ్గర చిరునవ్వులు. ఒకే రూపాయి, ఒకే వారం!

ఇక ప్రొద్దుటూరు బంగారం. లోకం బెదిరితే బంగారం పెరుగుతుందని మనవాళ్ల నమ్మకం. చాలావరకు నిజమే. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష రూపాయలను తాకింది కూడా ఆ బెదురుతోనే. కానీ భయం మరీ ముదిరిన వారాల్లో బంగారం కూడా పడుతుంది. 2008 అక్టోబరులో పడింది. 2020 మార్చిలోనూ కొన్నాళ్లు పడింది. ఇందాకటి గొలుసు కథే. డబ్బు కావాల్సినవాడు ఏది చేతికందితే అది అమ్ముతాడు.

ముహూర్తం

మళ్లీ సారు దగ్గరకొద్దాం. అక్టోబరు 24న సెన్సెక్స్ 1,071 పాయింట్లు పడింది. 27న ఒక దశలో 7,697. జనవరిలో 21 వేలు చూసిన అంకె! మేడమీది హాల్లో కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. వై.వి. స్ట్రీట్‌లో బట్టల కొట్టున్న ఒకాయన రోజూ ముందువరసలో కూర్చునేవాడు. అప్పు మీద కొన్నాడు. లక్ష కడితే మూడు లక్షల సరుకు. ధర పడ్డకొద్దీ మార్జిన్ కట్టమని ఫోన్లు. మొదటిసారి కొట్లోంచి తెచ్చి కట్టాడు. రెండోసారి ఆయన భార్య గాజులు కుదువకు వెళ్లాయి. మూడోసారి కట్టలేకపోయాడు. ఆయనను అడక్కుండానే షేర్లన్నీ అమ్ముడైపోయాయి. తర్వాత ఆ ధరలు ఎక్కడికి పెరిగినా ఆయనకు పనిలేదు. ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు.

సారుది అప్పు కాదు. గ్రాట్యుటీ డబ్బు. 2007లో నాలుగు లక్షలు పెట్టారు. అప్పు లేదు కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదు. ఆగితే సరిపోయేది. కానీ ఆ డబ్బు ఆయన కూతురి పెళ్లి కోసం ఉంచింది. అక్క పెళ్లి 2009 ఫిబ్రవరిలో కుదిరింది. నాలుగు లక్షలు లక్షన్నర అయిన రోజుల్లో అమ్మారు. మిగతాది నూటికి రెండ్రూపాయల వడ్డీకి తెచ్చారు. పెళ్లి బాగా జరిగింది. పప్పులో నెయ్యి తగ్గలేదు. వియ్యాలవారికి ఏమీ తెలియదు. సారు మాత్రం పందిట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని, చేతివేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

ఆ మేలో ఎన్నికల ఫలితాలు వచ్చాయి. 18న సెన్సెక్స్ ఒక్కరోజే 2,110 పాయింట్లు లేచి 14,284 దగ్గర ముగిసింది. పడినప్పుడు ఆపినట్టే లేచినప్పుడూ ఆపారు. పెళ్లయి మూడు నెలలే.

"మార్కెట్టు తప్పు కాదులే అబ్బీ, ముహూర్తం తప్పు" అన్నారు సారు. నవ్వారో బాధపడ్డారో ఇప్పటికీ చెప్పలేను.

అమ్మనివారు? సెన్సెక్స్ మళ్లీ 21 వేలు చూడ్డానికి 2010 దీపావళి దాకా పట్టింది. అంకె తిరిగొచ్చింది కదా అని అన్ని షేర్లూ తిరిగి రాలేదు. సెన్సెక్స్ అంటే 30 కంపెనీలు. వెనకబడినవి పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. మన బీరువాలోని కంపెనీని అలా ఎవరూ మార్చిపెట్టరు. ఐపీవోలో 450 పెట్టి కొన్న రిలయన్స్ పవర్ షేరు 2020లో రెండు రూపాయల దిగువను చూసింది. నడుమ బోనసు షేర్లు ఇచ్చారుగానీ, అవి ఏ మూలకు?

కుర్చీలు పోయి ఫోన్లొచ్చాయి

2020 మార్చి 23న కరోనా దెబ్బకు సెన్సెక్స్ 3,935 పాయింట్లు కూలింది. పదమూడు శాతం! ఆ నెలలో విదేశీ సంస్థలు 62 వేల కోట్లు తీసుకుపోయాయి. 2008లా ఏళ్లు పడుతుందనుకున్నారంతా. నవంబరుకల్లా పాత రికార్డు దాటిపోయింది. 2008ని గుర్తుపెట్టుకుని భయపడ్డవారు ఈసారి నష్టపోయారు. అనుభవం కూడా అన్నిసార్లూ పనికిరాదు!

మరొకటి మారింది. 2024 అక్టోబరులో విదేశీయులు 94 వేల కోట్లు అమ్మారు. ఒక్క నెలలో అంత అమ్మడం అప్పటికి అదే మొదటిసారి. 2008లో అంత జరిగితే మార్కెట్టు మిగిలేది కాదు. ఈసారి పడింది, కూలలేదు. ఎందుకంటే అదే నెలలో మన మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు లక్ష కోట్లకు పైగా కొన్నాయి. వాటికి డబ్బెక్కడిది? నెలకు ఐదొందలు, వెయ్యి చొప్పున సిప్ కట్టే ఇళ్లది. ఆ నెల సిప్‌ల మొత్తమే 25 వేల కోట్లు దాటింది. అందులో కడప ఇళ్లవీ ఉంటాయి. ఒకప్పుడు విదేశీయుడు అమ్మితే మనం పారిపోయేవాళ్లం. ఇప్పుడు వాడు అమ్మేది మనమే కొంటున్నాం. ఇది ధైర్యమా, వాడి బరువును మన నెత్తికెత్తుకోవడమా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ధర తక్కువలో కొన్నామా ఎక్కువలో కొన్నామా అన్నదాన్నిబట్టి ఉంటుంది. అది ఆ రోజున తెలియదు.

నాకు దిగులు వేసేది వేరే. ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ అంగట్లో పొద్దున్నే ఇంజినీరింగు పిల్లలు ఫోన్లు ముందేసుకుని కూర్చుంటారు. తొమ్మిదీపావుకు మన మార్కెట్టు తెరవకముందే, ఆరున్నర నుంచే గిఫ్ట్ నిఫ్టీ చూస్తుంటారు. రాత్రి అమెరికా ఏం చేసిందో అందులో కనిపిస్తుంది. వాళ్లు షేర్లు కొనరు. ఆప్షన్లు. వై.వి. స్ట్రీట్ ఆయనకు మార్జిన్ కట్టడానికి వారమైనా పట్టింది. వీళ్లకు పూట చాలు.

2024 ఆగస్టు 5నే తీసుకోండి. జపాన్‌లో అప్పట్లో వడ్డీ దాదాపు సున్నా. అక్కడ అప్పు తెచ్చి వేరే దేశాల్లో పెట్టడం పెద్ద వ్యాపారం. మన భాషలో చెప్పాలంటే పావలా వడ్డీకి తెచ్చి రెండ్రూపాయల వడ్డీకి తిప్పడం. జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీని పావు శాతానికి పెంచింది. యెన్ బలపడింది. అప్పు తెచ్చినవాళ్లంతా ఒక్కసారిగా తీర్చేయడానికి పరుగులు పెట్టారు. సోమవారం టోక్యో సూచీ 12 శాతం, మన సెన్సెక్స్ 2,222 పాయింట్లు కూలాయి. జపాన్ పావు శాతం వడ్డీ కడప పిల్లాడి హాస్టలు ఫీజును తినేసింది. పాపం, వాడికి యెన్ అంటే ఏమిటో ఆరోజే తెలిసింది.

సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. మూడేళ్లలో ఈ ఆప్షన్లు, ఫ్యూచర్లు ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం లక్షా 80 వేల కోట్ల పైమాటే. ఆడేవారిలో డెబ్బై శాతానికి పైగా పెద్ద నగరాల బయటివారు. అంటే మన కడపలాంటి ఊళ్లవాళ్లు.

2025 ఏప్రిల్ 7, సోమవారం. ట్రంప్ సుంకాల దెబ్బకు సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడిన రోజు. సాయంత్రం సారు ఇంటికి వెళ్లాను. ఇప్పుడాయనకు కళ్లు సరిగా కనపడవు. మనవరాలు పేపరు చదివిపెడుతుంది. బెంగళూరులో ఉద్యోగం ఆ పిల్లకు, సెలవుకొచ్చింది. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

"మార్కెట్టు పడిందంట సార్" అన్నాను.

"విన్యా. ఎవురంట ఈసారి?"

"ట్రంపు. సుంకాలు."

"ఊ" అన్నారు. కాసేపు ఊరుకున్నారు. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "నీ సిప్పులో ఎంతుండాదమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల ఏదో అంకె చెప్పింది.

"దాంట్లో పెళ్లిది యెంత?"

"పెళ్లిది బ్యాంకులో వేసినా తాతా, ఎఫ్డీ. పోయిన సంవత్సరమే."

సారు వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "అబ్బీకి కాఫీ తేపో" అన్నారు.